ధూళి దేశమున గృహాలంకారము

ఉద్యోగరీత్యా ఢిల్లీ నగరమునకు వచ్చి కొత్తగా కాపురము పెట్టిన తెలుగువారు తమ యింటిని తీర్చిదిద్దుకొనదలచినపుడు వ్యయమును గూర్చి ఆలోచింతురు, అభిరుచిని గూర్చి ఆలోచింతురు, ఒక్కొక్కచో వాస్తుశాస్త్రమును గూర్చి సయితము ఆలోచింతురు గాని, ధూళిని గూర్చి మాత్రము ఆలోచింపరు. తక్కిన మూడింటి సంగతి ఎట్లున్నను, ఈ నగరమున ఏ వస్తువు ఇంటిలో నిలుచునో, ఏది ఏడాది తిరుగకముందే అటకెక్కునో నిర్ణయించునది ధూళియే. ఏప్రిలు మొదలు జూను వరకు పడమటి యెడారిమీదుగా వీచు గాలి ఇసుకను మోసికొని వచ్చును. వానలు వెలిసిన పిమ్మట కట్టడముల దుమ్ము లేచును. కార్తికమాసము వచ్చుసరికి దానితో పొగ చేరును. ఉదయము తుడిచిన బల్లమీద సాయంకాలమునకు వ్రేలితో పేరు వ్రాసికొనవచ్చును.

కావున ఇచ్చట ఒక అలంకారవస్తువు వెల అంగడివాడు చెప్పిన మొత్తముతో ముగియదు. దానిని వారమునకు ఎన్నిమార్లు తుడువవలెను, ఎంతసేపు తుడువవలెను, ఎవరు తుడువవలెను అను మూడు ప్రశ్నలకు వచ్చు జవాబు కూడ ఆ వెలలో భాగమే. ఆ శ్రమ సాధారణముగా వస్తువును ముచ్చటపడి కొన్న పురుషునిది కాదు. ఇల్లాలిదో, అప్పటికే నాలుగిండ్లు తుడిచి వచ్చిన పనిమనిషిదో అగును. ఈ లెక్క వేసి చూచినచో, చౌకయని మనము కొనితెచ్చు సరుకులో సగము మిక్కిలి ఖరీదైనదిగా తేలును. ప్లాస్టికు పూలగుత్తి కొన్ననాడు మాత్రమే పూలగుత్తి; నెల గడచునప్పటికి ప్రతి రేకు మడతలోను బూడిదరంగు పొర కట్టి, కడిగినను పోక, పారవేయుటకు మనసొప్పక, మూలలో పడియుండును. బాల్కనీలయందు పరచు కృత్రిమపు పచ్చిక సంగతి ఇంతకంటె ఘోరము. మేనెల మధ్యాహ్నమున అది పాదము మోపరానంతగా కాగును. దానిలో దిగిన దుమ్ము చీపురునకు లొంగదు. పావురముల రెట్ట ఏ ఉపాయమునకును లొంగదు. పావురములను పేర్కొనక ఢిల్లీ బాల్కనీని గూర్చి వ్రాయువాడు ఆ బాల్కనీలో ఒక్క ఋతువైనను కాపురముండి యుండడు.

ఇంకొక చిక్కు చట్టసంబంధమైనది. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఒక సంవత్సరమునకు మించిన అద్దె ఒప్పందము రిజిస్టరు కావలెను. ఆ ఖర్చును, ఆ తిరుగుడును తప్పించుకొనుటకై నగరములో అద్దెకాపురములు చాల భాగము 11 నెలల ఒప్పందములమీదనే నడచుచున్నవి. గోడకు మేకు కొట్టరాదనియు, రంగు మార్చరాదనియు అందులో వ్రాయించుకొను యజమానులు కలరు. అట్టి యింటిగోడకు వేలు పోసి బొమ్మల కాగితము అంటించుటయు, పైకప్పునకు జిప్సము సొగసులు దిద్దించుటయు పరుని పొలమున పైరు పెట్టుటయే. అద్దెవాని అలంకారము చరాస్తి కావలెను: చుట్టి, మడిచి, మూటగట్టి, ద్వారకనుండి నోయిడాకు టెంపోలో ఎక్కింపదగినదై యుండవలెను.

పూర్వపు స్థితి వేరు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని 1948లో నెలకొల్పిన కాలమునను, ఆపై రెండు మూడు దశాబ్దముల వరకును ఇచ్చటికి వచ్చిన తెలుగు గుమాస్తాలలో అనేకులు సరోజినీనగరు, నేతాజీనగరు, కిద్వాయినగరు వంటి సర్కారు క్వార్టర్లలో నివసించిరి. ఇల్లు ఇరుకైనను నేల యుండెను, మట్టి యుండెను, గుమ్మము ముందు ముగ్గునకును, వెనుక ఒక కరివేపమొక్కకును చోటుండెను. ఆ కాలనీలలో ఏడింటిని పడగొట్టి మేడలు కట్టు పథకమునకు కేంద్రమంత్రివర్గము 2016లో ఆమోదమిచ్చినది. నేడు తెలుగు కుటుంబము ఘజియాబాదులోనో, గురుగ్రామములోనో పదునాలుగవ అంతస్తున, నాలుగడుగుల వెడల్పు బాల్కనీయందు, తనకు మిగిలిన ఆకాశము ముక్కను పావురముల వలగుండ చూచుకొనుచున్నది. ఈ కొత్త పరిస్థితికి తగిన అలంకారమును మనము ఇంకను కల్పించుకొనలేదు; అంగడి కల్పించి పెట్టినదానిని తెచ్చుకొనుచున్నాము.

నా అభిప్రాయము చెప్పుచున్నాను: ఈ నగరమున అలంకారము పని చేయవలెను. నీడయైనను ఈయవలెను, చలువయైనను చేయవలెను, చాటుగానైనను నిలువవలెను, కనీసము కూరలోనికైనను రావలెను. ఏ పనియు చేయక కేవలము చూడబడుటకై కూర్చుండు వస్తువు ధూళికి ఆసనమగును.

ఇందుకు ఢిల్లీ పాత సంప్రదాయమునందే మంచి నిదర్శనము కలదు. వట్టివేళ్ళ తడికలను ద్వారములకు కట్టి నీళ్ళు చల్లుట మొగలాయీల నాటినుండి వచ్చుచున్న వాడుక. అటుపిమ్మట ఆంగ్లేయుల కచేరీలలో ఆ నీళ్ళు చల్లుటకే కూలివాండ్రను నియమించుచుండిరి. మన కోస్తాలో, కాకినాడలోనో మచిలీపట్నములోనో, గాలియందే చెమ్మ నిండియుండుటచేత ఈ తడిక అంతగా పనిచేయదు. ఢిల్లీలో మే మాసపు గాలి ఎముకలవరకు ఎండినది. తడిసిన వేళ్ళగుండ దూరి వచ్చునప్పటికి దాని వేడిమిలో మంచి పాలు ఆ నీటిని ఆవిరిచేయుటకే ఖర్చగును. జూను నెలాఖరున ఋతుపవనము తగులువరకే దీని రాజ్యము. తగిలిన మరునాడు తడికను విప్పి, ఎండలో ఆరవేసి, చుట్టి పెట్టవలెను. లేనిచో బూజు పట్టును. వట్టివేళ్ళను కొనునపుడు కన్నును నమ్మరాదు. గుప్పెడు వేళ్ళను తడిపి ముక్కున పెట్టి చూచి కొనవలెను. మధ్యాహ్నము మూడు గంటలకు ఒక చెంబెడు నీళ్ళు చల్లగానే తడిక తేనెరంగు మారి నల్లబడి, అంచులవెంట బొట్లు బొట్లుగా కారుచు, గదినిండ తడిమట్టి పరిమళము నింపును. ఆ నిమిషమున ఆ గదిలో మరియొక అలంకారవస్తువు లేదని ఎవరికిని తోచదు.

దీనికి తోబుట్టువు వెదురుతెర. ఢిల్లీవారు చిక్ అందురు. సన్నని వెదురుపుల్లలను నూలుతాడుతో అల్లి, వెనుక గుడ్డ కుట్టి, చుట్టి పైకి కట్టుకొనుటకు వీలుగా రోడ్డుప్రక్కలనే కొలత తీసికొని చేసియిచ్చు పనివారు కలరు. దీని రహస్యము వ్రేలాడదీయు చోటులో నున్నది. కిటికీ అద్దమునకు లోపల కట్టిన పరదా, ఎంత దట్టమైనదైనను, ఎండ అప్పటికే గదిలోనికి వచ్చిన తరువాత దానిని అడ్డుకొనును. ఆ వేడిమి తిరిగి బయటికి పోదు. అద్దమునకు వెలుపల, బాల్కనీ అంచున వ్రేలాడు వెదురుతెర ఎండను గుమ్మమువద్దనే నిలిపివేయును. పడమటి బాల్కనీ కలవారు పెద్ద ఏ.సి. కొనకముందు ఈ తెరను కట్టి ఒక వారము చూడవలెను. పై అంతస్తున సొంత డాబా కలవారికి ఇంతకంటె చౌకయైన ఉపాయము సున్నము: డాబాకు తెల్లసున్నము పూసినను, విరిగిన తెల్ల పెంకులు పరచినను ఎండ వెనుకకు మరలిపోవును. ఈ సూత్రముమీదనే తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. నగరములన్నిటను మన తాతల సున్నపుబాన మరల వెలుగులోనికి వచ్చుట సంతోషింపదగినదే.

లోపలి పరదాలకు కొత్త వస్త్రము కొనుట కేవలము మరపు. ప్రతి తెలుగు ఇంటను అడుగుపెట్టెలో నాలుగైదు పాత నూలుచీరలుండును: మంగళగిరివో, వెంకటగిరివో, పోచంపల్లివో, కట్టుటకు జీర్ణమైనవి, పారవేయుటకు ప్రాణమొప్పనివి. అయిదున్నర మీటర్ల చీరను అడ్డముగా రెండు చేసినచో ఒక్కొక్కటి రెండుమ్ముప్పాతిక మీటర్ల పొడవు గల రెండు తెరలగును. అంచులు రెండును నిలువుగా ఇరుప్రక్కల దిగును. పైన కడ్డీ దూర్చుటకు, క్రింద మడతకు పోను ద్వారమునకు చాలగా ఇంకను మూరెడు గుడ్డ మిగులును. అది దిండు గలేబునకు వచ్చును. పడమటి కిటికీకైనచో వెనుక పాతపంచె నొకదానిని కలిపి కుట్టవలెను. లేనిచో రెండు వేసవులలో రంగు తెల్లబోవును. అన్నిటికంటె మేలు, నూలుతెరను పదునైదు రోజులకొకమారు తీసి ఉతుకవచ్చును. అంగడిలో దొరకు బరువైన వెల్వెటు పరదాలను ఉతుకువారెవరు? అవి దుమ్మును దాచియుంచి, ఆస్తమా రోగులకు రాత్రులందు కొంచెము కొంచెముగా పంచిపెట్టును.

ఇక కొనవలసినవి యుండనే యుండును. అందుకు ఈ రాజధాని ప్రాంతము భాగ్యశాలి. తయారగుచోటికే పోయి కొనవచ్చును. ఉత్తమనగరులోని కుమ్మరికాలనీలో రాజస్థాను, హర్యానాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు కుండలు, కూజాలు, దీపములు, గాలిగంటలు, పూలతొట్లు వీధిపొడవున ఆరబెట్టియుండును. ఖుర్జా పట్టణపు పింగాణి నీలిపూల గిన్నెలలో మెరుగు చెదరినవి, అంచు వంకరైనవి తక్కువ వెలకు దొరకును. తులసితొట్టికి అంచు వంకరైన దోషమేమి? పానిపట్టు మగ్గములు ప్రపంచపు పాతబట్టలను చింపి, నూలు తీసి, తివాచీలుగను దుప్పట్లుగను మార్చుచున్నవి. ఆ జంపకానాలను దులిపి, ఉతికి, ఇల్లు మారునపుడు చుట్టి భుజాన వేసికొని పోవచ్చును. అమరుకాలనీలో పాత టేకు మంచములు, వ్రాతబల్లలు, పేము కుర్చీలు పేర్చియుండును. కొనువాడు కాళ్ళను తట్టి, సొరుగులను లాగి, చెద జాడ చూచికొనిన చాలును. గురుగ్రామపు బంజారా బజారు గుడారములలో అద్దములు, చెక్కబల్లలు, వెదురుబుట్టలు దొరకును. మన లంబాడీల అద్దాలపని ఎరిగిన తెలుగువారికి అచ్చటి సరుకు కొంత బంధువుగనే తోచును. ఒక్క మాట మాత్రము చెప్పక తీరదు. మాలులో చీటీమీద అచ్చయిన వెలకు నోరెత్తక ఇచ్చివచ్చు పెద్దమనుష్యులే కుమ్మరి దుకాణమున ఇరువది రూపాయల కూజాకొరకు అరగంట వాదింతురు. ఈ బేరము నేర్పనిపించుకొనుచున్నది గాని, దీనికి వేరొక పేరు కలదు.

పారవేసిన వస్తువులతో శోభ కల్పించుట అన్నచో ఎల్లరును చండీగఢులోని నేక్‌చంద్‌ను తలతురు. రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేయుచు, ఎవరికిని చెప్పక, అడవిచాటున, పగిలిన గాజులు, పింగాణీముక్కలు, స్నానపుగదుల పెంకులు ఏరి తెచ్చి ఆయన నిర్మించిన రాతితోట 1976లో ప్రజలకు తెరువబడినది. 1984లో ఆయనకు పద్మశ్రీ లభించినది. మన ఢిల్లీలోను 2019లో సరాయ్ కాలేఖాన్ వద్ద నగరపాలకసంస్థ 150 టన్నుల తుక్కుతో ప్రపంచపు ఏడు వింతల నమూనాలు నిలిపినది. అది చూడదగినదే గాని, తుక్కు ఇనుముతో మరల తాజమహలునే కట్టుటలో నాకంత విశేషము కనబడదు. నేక్‌చంద్ దేనికిని నమూనా చేయలేదు; చేతికి వచ్చిన ముక్క ఏ రూపమడిగినదో ఆ రూపమిచ్చినాడు. ఇంటివద్దను ఇదియే మార్గము. దీపావళికి ముందు రెండు వారములు ఢిల్లీ యావత్తు ఇల్లు దులిపి పాతసామాను వాకిట పెట్టును; కబాడీవానికి పోకమునుపు పొరుగువారి పాతకిటికీ తలుపును అడిగి తెచ్చుకొన్నచో, దానికి రెండు గొలుసులు తగిలించి మొక్కల అలమరగా చేసికొనవచ్చును. అడుగుటకు సిగ్గుపడు మధ్యతరగతివారికి ఈ ఉపాయము అందదు.

మొక్కలను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది; ఏలయన అందమునకును మోసమునకును ఇచ్చట సమానముగా అవకాశము కలదు. నవంబరు మాసమున పొగమంచు కమ్మగానే నర్సరీలలో గాలిని శుద్ధిచేయు మొక్కలను ప్రత్యేకముగా పేర్చి అమ్ముదురు. ఈ వాదమునకు మూలము 1989లో అమెరికా అంతరిక్షసంస్థ నాసా చేయించిన పరిశోధన. అది గాలి చొరని చిన్నపెట్టెలలో జరిగినది. మన ఇండ్లు పెట్టెలు కావు. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు అట్టి పరిశోధనలన్నిటిని తిరిగి లెక్కించి, ఇంటిలో సహజముగా వచ్చిపోవు గాలి చేయు పనిని మొక్కలచేత చేయింపవలెనన్నచో చదరపు మీటరుకు 10 మొదలు 1000 వరకు మొక్కలు కావలెనని తేల్చిరి. కనుక మొక్కను మొక్కగానే ప్రేమించి కొనవలెను. దానిని వైద్యునిగా నియమింపరాదు.

ఏ మొక్కను కొనవలెననునది ఎండ నిర్ణయించును. 45 డిగ్రీల వేడిమికిని, జనవరి చలికిని రెంటికిని ఓర్వగలవి తక్కువ: కాగితపుపూల తీగ, రాధామనోహరము, దేవగన్నేరు, కలబంద. నీడ బాల్కనీకి మనీప్లాంటు చాలును. బంతి, చేమంతి, పెటూనియాలు శీతకాలపు అతిథులు. మార్చి దాటినచో వానికి కన్నీటి వీడ్కోలు అక్కరలేదు, విత్తులు తీసి దాచిన చాలును. కరివేపమొక్కను గూర్చి తెలుగువారికి ప్రత్యేకముగా ఒక హెచ్చరిక. ఢిల్లీ చలికి జనవరిలో దాని ఆకులు పసుపుబారి, ఒక్కొక్కటిగా రాలి, తుదకు బోడిపుల్ల మిగులును. చచ్చినదని పీకి పారవేయువారు పెక్కండ్రు. బెరడును గోటితో ఒకింత గీరి చూచినచో లోపల పచ్చగా నుండును. నీరు తగ్గించి, మంచు తగులని మూల నుంచినచో ఫాల్గుణమున కణుపుకణుపునను లేతయెరుపు చివురు దిగును. బాల్కనీ బలము కూడ ఎరిగియుండవలెను: భారతీయ ప్రమాణముల ప్రకారము నివాసగృహముల బాల్కనీలకు చదరపు మీటరుకు సుమారు 300 కిలోల బరువును లెక్కలోనికి తీసికొందురు, అందులో మనుష్యులును చేరియుందురు; తడిమట్టి నిండిన పండ్రెండంగుళముల తొట్టి ఒక్కటియే పాతిక ముప్పది కిలోలు తూగును. సగము మట్టికి బదులు కొబ్బరిపొట్టు వాడుట మేలు. తొట్లక్రింది పళ్ళెములలో నీరు నిలువరాదు. డెంగ్యూదోమ గ్రుడ్డునుండి రెక్కల వరకు ఎదుగుటకు వారము, పది దినములు చాలును గనుక, వారమునకొకమారు పళ్ళెములను, కూలరు తొట్టిని వట్టివి చేసి తీరవలెను.

మన ప్రాంతపు వస్తువులలోను పనిచేయు వస్తువులు లేకపోలేదు. వరాహనది యొడ్డున ఏటికొప్పాక పనివారు అంకుడుకఱ్ఱను తిరుగుడుపట్టి, లక్కకు ఆకులు, గింజలు, వేళ్ళ రంగులు కలిపి నునుపు దేర్చు బొమ్మలు 2025 గణతంత్రదినమున ఆంధ్రప్రదేశపు శకటముగా కర్తవ్యపథమున ఊరేగినవి. ఆ కళకు జీవము పోసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. ఆ నునుపైన లక్కమీద దుమ్ము నిలువదు. ఒక్క పొడిగుడ్డ చాలును. కుంకుమభరిణ, తాళములు తగిలించు కొయ్య వంటివి ఆ పనితనములోనే దొరకును, షోకేసులో బంధింపనక్కరలేదు. నిమ్మలకుంట తోలుబొమ్మల పనివారు మేకతోలుతో చేయు దీపపుగొడుగులు గదికి వెలుగును, గోడలకు రామాయణపు నీడలను ఏకకాలమున ఇచ్చును, లోపల ఎల్.ఇ.డి. దీపమే పెట్టవలెను, వేడి బల్బునకు తోలు ముడుచుకొనును. పండుగనాడు మామిడాకు దొరకనిచో ప్లాస్టికు తోరణమునకు పరుగెత్తనక్కరలేదు. కాలనీల గోడలవెంట నిలిచియున్న నరమామిడి ఆకులనే ఉత్తరాదివారు తోరణముగా కట్టుదురు, మనమును కట్టవచ్చును.

ఇంతవరకు చెప్పినది గృహస్థుని చేతిలోనున్న పని. గృహస్థుని చేతిలో లేనిదొకటి కలదు. ఈ ప్రాంతపు గృహసముదాయములలో నివాసుల సంఘములు భవనముఖము ఏకరీతిగా నుండవలెనను నియమముపేర బాల్కనీలకు వెదురుతెరలు కట్టనీయవు; ఆ ముఖముమీదనే ఏ.సి. పెట్టెలు మొటిమలవలె పొడుచుకొని వచ్చినను అభ్యంతరము లేదు. నడవలలో తొట్లు పెట్టరాదనుట న్యాయమే. మంటలు లేచిననాడు ఆ దారియే ప్రాణదారి. గుమ్మము ముందు గుప్పెడు బియ్యపుపిండితో వేసిన ముగ్గు ఏ అగ్నిమాపకదళమును అడ్డగింపగలదు? టైల్సు పాడగునని కొందరందురు. బియ్యపుపిండికి పాడగు టైల్సు వేసిన కాంట్రాక్టరును గదా ముందు నిలదీయవలసినది. తెర రంగు ఒక్కటే కావలెనన్నచో ఒక్క రంగునే నిర్ణయించి, కొలతలు చెప్పి, వేసవికి ముందు అందరకును ఒక్కమారే కుట్టింపుడు. టోకుబేరమున వెల తగ్గును, పనివారికి నెల్లాళ్ళ పని దొరకును, సముదాయపు కరెంటుబిల్లులోను కొంత కలిసివచ్చును. ఇందుకు చట్టసవరణ అక్కరలేదు, మునిసిపాలిటీ అనుమతి అక్కరలేదు. సర్వసభ్యసమావేశమున ఒక్క తీర్మానము చాలును. కోరము కూడుటకు మాత్రము ఆనాడు టీవీలో క్రికెట్టు లేకుండ చూచుకొనవలెను.